లోహం చుట్టూ కరిగే ఎముక

1957లో లండన్‌లో ఎలెక్, కోనెన్ అనే ఇద్దరు పరిశోధకులు, స్వచ్ఛందంగా ముందుకొచ్చిన మనుషుల చర్మంలోకి స్టెఫిలోకాకస్ బ్యాక్టీరియాను సూదితో ఎక్కించి చూశారు. ఆరోగ్యవంతుడి చర్మంలో చీము పట్టాలంటే పది లక్షలకు పైగా క్రిములు కావలసి వచ్చింది. అదే చోట పట్టుదారంతో ఒక కుట్టు వేసి ఉంచితే కొన్ని వందలే సరిపోయాయి. పరాయి వస్తువు ఉన్నచోట క్రిమి బలం వేల రెట్లు పెరుగుతుందని అంకెలతో తేల్చిన తొలి ప్రయోగాల్లో ఇదొకటి. పిసరంత దారమే అంత తేడా తెస్తే, తొడ ఎముక గూడులోకి దించిన జానెడు లోహపు కాడ సంగతి చెప్పనక్కర్లేదు.

తుంటి, మోకీలు, భుజం మార్పిడిలో అమర్చే కృత్రిమ కీళ్లు, విరిగిన ఎముకల్ని పట్టి ఉంచే ప్లేట్లు, స్క్రూలు, రాడ్లు అన్నిటినీ కలిపి ఇంప్లాంట్లు అంటున్నాం. వాటిని ఆనుకున్న ఎముక మెల్లగా కరిగిపోవడాన్ని వైద్యులు ఆస్టియోలైసిస్ అంటారు. పాకకు పాతిన గుంజ చుట్టూ మట్టి కొట్టుకుపోతే, గుంజ ఎంత గట్టి చేవ కర్రదైనా ఊగిపోతుంది. ఇంప్లాంట్ విషయమూ అంతే. లోహం చెక్కుచెదరదు, దాన్ని పట్టుకున్న ఎముక పోతుంది. అడుగు వేసినప్పుడల్లా నొప్పి, కాలు పొట్టిగా అనిపించడం, చివరికి పలచబడిన ఎముక విరగడం దీని పర్యవసానాలు.

ఎముక ఇలా పోవడానికి దారులు మూడు. బరువును ఇంప్లాంటే మోసేయడంతో తన మీద భారం పడక ఎముక బలహీనపడటం ఒకటి. కృత్రిమ కీలు అరిగి రాలే ప్లాస్టిక్, లోహపు రజను వల్ల వచ్చే వాపు రెండోది. బ్యాక్టీరియా మూడోది. చాలాకాలం పాటు రెండో దారినీ మూడో దారినీ వేర్వేరు జబ్బులుగా చూశారు. వాటి మధ్య గీత అనుకున్నంత స్పష్టంగా లేదని గత పాతికేళ్ల పరిశోధన చెబుతోంది. ఈ వ్యాసం ప్రధానంగా ఆ గీత గురించే.

రైటింగ్టన్‌లో రెండు సమస్యలు

ఆధునిక తుంటి కీలు మార్పిడికి పుట్టిల్లు ఇంగ్లండ్‌లోని లాంకషైర్‌లో ఉన్న రైటింగ్టన్ ఆసుపత్రి. అక్కడి సర్జన్ జాన్ చార్న్‌లీ 1950ల చివర్లో చిన్న లోహపు తల, దానికి టెఫ్లాన్ గిన్నె జతచేసి కొత్త కీలు తయారుచేశాడు. రోగులు మొదట్లో హాయిగా నడిచారు. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి టెఫ్లాన్ అరిగి పొడిగా రాలింది. కీలు తెరిచి చూస్తే గట్టిపడిన చీములాంటి పదార్థం కనిపించింది, చుట్టూ ఎముక తినేసినట్టు ఉంది. పరీక్షిస్తే క్రిములు లేవు. దీన్ని నిర్ధారించుకోవడానికి చార్న్‌లీ టెఫ్లాన్ పొడినీ కొత్త పాలిథిలీన్ పొడినీ తన తొడలోకే ఎక్కించుకున్నాడు. టెఫ్లాన్ ఎక్కించిన చోట గడ్డలు కట్టాయి. 1962 నవంబరు నుంచి ఆయన పాలిథిలీన్ గిన్నెకు మారాడు.

అదే ఆసుపత్రిలో అదే మనిషిని వేధించిన రెండో సమస్య ఇన్ఫెక్షన్. తొలినాళ్లలో ఆయన శస్త్రచికిత్సల్లో దాదాపు 7 శాతం చీము పట్టేవి. ఆపరేషన్ గది గాలిలో తేలే క్రిములే కారణమని నమ్మి, వడగట్టిన గాలి పైనుంచి కిందికి ప్రవహించే అద్దాల గూడు కట్టించాడు. సర్జన్ల శ్వాస కూడా బయటికి పీల్చేసే దుస్తులు తయారుచేయించాడు. కొన్నేళ్లలో ఆ శాతం ఒకటికి దిగువకు వచ్చింది. ఆ తర్వాత బ్రిటన్ వైద్య పరిశోధన మండలి తరఫున లిడ్‌వెల్ బృందం ఎనిమిది వేలకు పైగా ఆపరేషన్లను పరిశీలించి, 1982లో ఫలితాలు ప్రకటించింది. అతిశుభ్రమైన గాలి ఉన్న గదుల్లో లోతైన ఇన్ఫెక్షన్ సగానికి పైగా తగ్గింది. ఆ తరువాతి లెక్కలు మాత్రం అంత ఏకాభిప్రాయంగా లేవు. ఆపరేషన్‌కు ముందే యాంటీబయాటిక్ ఇవ్వడం మామూలయ్యాక గాలి వ్యవస్థ వల్ల కలిగే అదనపు లాభం కనిపించడం లేదని, దాన్ని వాడవద్దనే సూచనతో 2016లో ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకం వెలువరించింది.

అలా రజను ఒక గదికి, క్రిములు మరో గదికి వెళ్లిపోయాయి. 1976లో బోస్టన్‌లో విలియం హ్యారిస్ బృందం తుంటి మార్పిడి తర్వాత తొడ ఎముకలో పెద్ద పెద్ద ఖాళీలు ఏర్పడిన రోగుల్ని వర్ణించింది. అక్కడ క్రిములు కాక, గుంపులుగా చేరిన, మాక్రోఫేజ్‌లు అనే తెల్లకణాలు కనిపించాయి. 1983లో గోల్డ్‌రింగ్ బృందం, వదులైన కీలుకూ ఎముకకూ మధ్య పెరిగే పొరను పరీక్షించి, అది ఎముకను కరిగించే రసాయనాల్ని ఉత్పత్తి చేస్తోందని చూపింది. ఇన్ఫెక్షన్ లేని సడలింపు అనే పేరుతో ఒక ప్రత్యేక వర్గం స్థిరపడింది. ప్రయోగశాలలో క్రిమి పెరగకపోతే కేసు ఆ వర్గంలోకి వెళ్తుంది.

ఎముకను కరిగించే కణం

బ్యాక్టీరియా ఎముకను నేరుగా తినేస్తుందని చాలామంది అనుకుంటారు. దాని విషపదార్థాలు కణాల్ని చంపుతాయి, నిజమే. కానీ ఖనిజాన్ని కరిగించే పనిలో ఎక్కువ భాగం శరీరంలోని సొంత కణాలదే.

ఎముక నిర్జీవమైన రాయి కాదు. పెద్దవాళ్లలో ఏటా దాదాపు పదో వంతు అస్థిపంజరం పాతది పోయి కొత్తది వస్తుంది. కట్టే పని ఆస్టియోబ్లాస్టులది, కరిగించే పని ఆస్టియోక్లాస్టులది. ఆస్టియోక్లాస్ట్ పుట్టుక రక్తంలోని తెల్లకణాల కుటుంబంలోనే, అంటే క్రిముల్ని మింగే మాక్రోఫేజ్‌కు అది దాయాది. చిన్న కణాలు కొన్ని కలిసిపోయి అనేక కేంద్రకాలున్న ఒక పెద్ద కణం అవుతుంది. అది ఎముకకు అతుక్కుని, అంచులు మూసి, లోపలికి ఆమ్లాన్ని వదులుతుంది. ఖనిజం కరిగాక కాథెప్సిన్ కె అనే ఎంజైమ్ మిగిలిన కొల్లాజెన్‌ను ముక్కలు చేస్తుంది.

ఈ కణాన్ని పుట్టించే ముఖ్య సంకేతం పేరు ర్యాంక్‌ఎల్. జపాన్, అమెరికా బృందాలు 1998లో విడివిడిగా దీన్ని గుర్తించాయి. ఆస్టియోబ్లాస్టులు, ఎముకలో పూడుకుపోయి ఉండే ఆస్టియోసైట్లు, కొన్ని రోగనిరోధక కణాలు ర్యాంక్‌ఎల్‌ను తయారుచేస్తాయి. దాన్ని మధ్యలోనే పట్టేసి ఆపే ప్రొటీన్ ఆస్టియోప్రొటెగెరిన్. ఈ రెంటి నిష్పత్తి ఏ వైపు మొగ్గితే ఎముక ఆ దిక్కుకు పోతుంది.

బ్యాక్టీరియా ఈ త్రాసునే కదిలిస్తుంది. మాక్రోఫేజ్ పైపొర మీద టోల్-లైక్ రిసెప్టర్లు అనే గ్రాహకాలుంటాయి. స్టెఫిలోకాకస్ గోడలోని లిపోప్రొటీన్లను రెండో నంబరు గ్రాహకం పసిగడుతుంది, గ్రామ్-నెగెటివ్ క్రిముల గోడలోని ఎండోటాక్సిన్‌ను నాలుగోది పసిగడుతుంది. వెంటనే టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1, ఇంటర్‌ల్యూకిన్-6, ప్రోస్టాగ్లాండిన్లు అనే వాపు రసాయనాలు వెలువడతాయి. వీటి ప్రభావంతో చుట్టుపక్కల కణాలు ర్యాంక్‌ఎల్‌ను ఎక్కువ తయారుచేస్తాయి, ఆస్టియోప్రొటెగెరిన్‌ను తగ్గిస్తాయి. టీఎన్ఎఫ్ మరో హాని కూడా చేస్తుంది. ఆస్టియోబ్లాస్టులు పరిపక్వం కాకుండా అడ్డుకుంటుంది. కరిగేది పెరిగి, కట్టేది ఆగిపోతుంది. సాధారణ ఆస్టియోపొరోసిస్‌లో ఏళ్లు పట్టే నష్టం ఇన్ఫెక్షన్ ఉన్న ఇంప్లాంట్ చుట్టూ వారాల్లో జరగడానికి ఇదే కారణం.

స్టెఫిలోకాకస్ ఆరియస్ అంతటితో ఊరుకోదు. దాని ఉపరితలం మీది ప్రొటీన్ ఎ అనే అణువు, ఆస్టియోబ్లాస్టుల మీద ఉండే టీఎన్ఎఫ్ గ్రాహకానికి నేరుగా అతుక్కుంటుంది. ఫైబ్రోనెక్టిన్‌ను పట్టుకునే ప్రొటీన్ల సాయంతో ఆ కణాల లోపలికే దూరుతుంది. లోపలికి చేరిన క్రిమిని చాలా యాంటీబయాటిక్‌లు అందుకోలేవు. క్రిమి చొరబడిన ఆస్టియోబ్లాస్టుల్లో కొన్ని చచ్చిపోతాయి, బతికినవి కూడా ర్యాంక్‌ఎల్‌ను వదులుతాయి. ఎముకను కట్టవలసిన కణమే దాన్ని కరిగించే కణాన్ని పిలుచుకొస్తుందన్నమాట.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. ఎముక కరగడమన్నది శరీరం వైపు నుంచి చూస్తే అర్థంలేని పని కాదు. ఎముకకు ఇన్ఫెక్షన్ సోకినప్పుడు రక్తం అందక చచ్చిన ముక్కను చుట్టూ ఉన్న ఆస్టియోక్లాస్టులు తొలిచి విడగొడతాయి. విడిపోయిన ముక్క చీముకాలువ గుండా బయటికి వచ్చేస్తే గాయం మానే అవకాశం ఉంటుంది. చచ్చిన ఎముక విషయంలో పనికొచ్చే ఈ ఎత్తుగడ, టైటానియం రాడ్డు విషయంలో పారదు. లోహాన్ని కరిగించడం కణానికి చేతకాదు. శత్రువు ఉన్న వస్తువును తొలగించలేక, దాన్ని ఆనుకున్న ఎముకను మాత్రం తొలుస్తూ పోతుంది.

పొరకింద బతికే క్రిములు

ఇంప్లాంట్‌ను శరీరంలో పెట్టిన క్షణం నుంచి దాని ఉపరితలం మీద రక్తంలోని ప్రొటీన్లు పేరుకుంటాయి. ఆ పూత మీద స్థానం కోసం మన కణాలూ క్రిములూ పోటీ పడతాయి. అమెరికా సర్జన్ ఆంథొనీ గ్రిస్టినా 1987లో దీన్ని ఉపరితలం కోసం జరిగే పరుగుపందెంగా వర్ణించాడు. ఎముక కణాలు ముందు చేరితే లోహం ఎముకతో కలిసిపోతుంది. క్రిములు ముందు చేరితే జిగురులాంటి బయోఫిల్మ్ అల్లుకుని అందులో స్థిరపడతాయి.

బయోఫిల్మ్ అంటే చక్కెరలు, ప్రొటీన్లు, క్రిముల డీఎన్ఏ కలిసిన మాతృక. ఈ విషయాన్ని వైద్యుల దృష్టికి గట్టిగా తెచ్చినవాడు కెనడా శాస్త్రవేత్త విలియం కాస్టర్టన్. పొరలోని క్రిముల్లో చాలా భాగం దాదాపు నిద్రలో ఉంటాయి. విభజన మందగిస్తుంది కాబట్టి, విభజన జరిగే క్రిముల్ని చంపే పెన్సిలిన్‌లాంటి మందులు వాటి మీద పనిచేయవు. విడిగా తిరిగే క్రిమిని చంపే మోతాదుకు వందల రెట్లు ఇచ్చినా కొన్ని బతుకుతాయి. తెల్లకణాలు ఇంత పెద్ద లోహాన్ని మింగలేక, తమ ఎంజైముల్ని బయటికే కక్కేస్తాయి. ఆ ఎంజైములు పొరకు హాని చేయకపోగా పక్కనున్న కణజాలాన్ని దెబ్బతీస్తాయి.

ఏ క్రిమి పట్టిందన్న దాన్ని బట్టి ఎముక నష్టం తీరు మారుతుంది. స్టెఫిలోకాకస్ ఆరియస్ అయితే జ్వరం, ఎర్రదనం, చీము, వేగంగా ఎముక నష్టం. చర్మం మీద అమాయకంగా ఉండే స్టెఫిలోకాకస్ ఎపిడెర్మిడిస్ అయితే ఒక్కోసారి ఏళ్ల తరబడి నొప్పి తప్ప మరో లక్షణం ఉండదు. మొటిమల క్రిమి క్యుటిబాక్టీరియం ఆక్నెస్ భుజం ఇంప్లాంట్ల దగ్గర ఎక్కువగా దొరుకుతుంది. అది ఎంత నెమ్మది అంటే ప్రయోగశాలలో పది పద్నాలుగు రోజులు ఆగితేగానీ కనిపించదు. మామూలుగా అయిదు రోజులకు పరీక్ష పాత్ర పారేసే చోట దాన్ని పట్టుకోవడం కష్టం.

2017లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ విశ్వవిద్యాలయ బృందం ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిలో మరో సంగతి బయటపెట్టింది. ఎముకలో ఆస్టియోసైట్లను కలిపే కాలువలు మైక్రాన్ కన్నా సన్నం. గుండ్రటి స్టెఫిలోకాకస్ ఆరియస్ వాటి కన్నా పెద్దది. అయినా ఎలుకల ఎముకల్లో ఆ క్రిమి తన ఆకారాన్ని సాగదీసుకుని కాలువలోకి చొరబడి, అక్కడే విభజన చెందుతూ ముందుకు సాగుతున్నట్టు కనిపించింది. తెల్లకణం అంత ఇరుకులోకి వెళ్లలేదు. ఆ తర్వాత మనుషుల ఎముక నమూనాల్లోనూ ఇది కనిపించింది. శుభ్రం చేశామనుకున్న ఎముకలో దశాబ్దాల తర్వాత ఇన్ఫెక్షన్ తిరిగి రావడానికి ఇది ఒక మంచి వివరణ. పైకి బాగున్నట్టే కనిపించే ఎముకను కూడా సర్జన్లు ఎందుకు ధైర్యంగా చెక్కేస్తారో దీనివల్ల అర్థమవుతుంది.

క్రిమి చచ్చినా పోనిది

ఇక రజనుకూ క్రిములకూ మధ్య ఉన్న ఆ గీత సంగతికి వద్దాం. ఇన్ఫెక్షన్ లేదని తేల్చి, రజను వల్లే వదులైందని నమోదుచేసిన కీళ్లలో నిజంగా క్రిములు లేవా?

1990ల చివర్లో బెల్‌ఫాస్ట్‌లో టన్నీ బృందం మార్చి తీసిన 120 తుంటి కీళ్లను శబ్ద తరంగాలతో కదిలించి, పొరను విడగొట్టి పరీక్షించింది. 22 శాతంలో క్రిములు పెరిగాయి. యాంటీబాడీలతో వెతికితే 63 శాతంలో, జన్యుపదార్థం కోసం వెతికితే 72 శాతంలో ఆనవాళ్లు దొరికాయి. ఈ లెక్కలు సంచలనం అయ్యాయి, వివాదమూ అయ్యాయి. జన్యు పరీక్ష చచ్చిన క్రిమినీ, పరీక్షలో చేరిన మలినాన్నీ కూడా పట్టుకుంటుంది. ఇతర ప్రయోగశాలలకు ఇంత ఎక్కువ శాతాలు రాలేదు. కానీ వెతికే పద్ధతి మారితే జవాబు మారుతుందన్న మాట మాత్రం నిలబడింది. 2007లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ట్రాంపూజ్ బృందం, తీసిన ఇంప్లాంట్‌ను శబ్ద తరంగాలతో కడిగి సాగు చేస్తే 78.5 శాతం ఇన్ఫెక్షన్లు దొరికాయని, మామూలు కణజాల సాగులో 60.8 శాతమేనని చూపింది. అంటే మామూలు పద్ధతి అయిదింట రెండు కేసుల్ని వదిలేస్తోంది. క్రిమి దొరకలేదన్న నివేదికను క్రిమి లేదన్న రుజువుగా తీసుకోవడం తొందరపాటు.

ఇంకొక దారి బతికున్న క్రిమితో పనిలేనిది. ఎండోటాక్సిన్ గ్రామ్-నెగెటివ్ బ్యాక్టీరియా గోడలో ఉంటుంది. క్రిమి చచ్చాక కూడా అది మిగులుతుంది, లోహానికి గట్టిగా అతుక్కుంటుంది. ఆసుపత్రిలో ఆవిరి పీడనంతో చేసే స్టెరిలైజేషన్ క్రిముల్ని చంపుతుందిగానీ ఎండోటాక్సిన్‌ను నాశనం చేయదు, దానికి 250 డిగ్రీల పొడి వేడి కావాలి. దీన్ని కొలిచే ప్రమాణ పరీక్ష గుర్రపునాడా పీత రక్తం మీద ఆధారపడింది. ఎండోటాక్సిన్ తగలగానే ఆ నీలి రక్తం గడ్డకడుతుంది. 

అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో ఎడ్వర్డ్ గ్రీన్‌ఫీల్డ్ ప్రయోగశాల 1999 నుంచి వరసగా ప్రచురించిన ఫలితాలు రజను సిద్ధాంతాన్ని కుదిపాయి. ప్రయోగాల్లో వాడే టైటానియం రజను మీద అప్పటికే ఎండోటాక్సిన్ అంటుకుని ఉందని, దాన్ని జాగ్రత్తగా కడిగేస్తే మాక్రోఫేజ్‌లు టీఎన్ఎఫ్ విడుదల చేయడం చాలావరకు తగ్గిపోతుందని, ఆస్టియోక్లాస్టులు పుట్టడమూ తగ్గుతుందని వాళ్లు చూపారు. అంతకుముందు ప్రచురించిన ఎన్నో ప్రయోగాల్లో రజను ప్రభావంగా నమోదైనదాంట్లో కొంత నిజానికి బ్యాక్టీరియా అవశేషాల ప్రభావం కావచ్చు. శరీరంలో ఈ అవశేషాలు తయారీలోనే ఇంప్లాంట్‌కు అంటి ఉండవచ్చు, లక్షణాలు చూపని పలుచని బయోఫిల్మ్ నుంచి రాలవచ్చు, చిగుళ్లు, పేగుల నుంచి రక్తం మోసుకురావచ్చు.

నార్వే కీళ్ల రిజిస్టర్ మరో పరోక్ష సాక్ష్యం ఇచ్చింది. 1987లో మొదలైన ఈ రిజిస్టర్‌లోని ఇరవై రెండు వేలకు పైగా, సిమెంట్‌తో అతికించిన తుంటి కీళ్లను విశ్లేషించిన 2003 నాటి అధ్యయనంలో, యాంటీబయాటిక్‌ను రక్తంలోనూ, సిమెంట్‌లోనూ ఇచ్చిన రోగుల్లో ఇన్ఫెక్షన్ తగ్గింది. అది అనుకున్నదే. ఇన్ఫెక్షన్ లేనిదిగా నమోదైన సడలింపు కూడా వాళ్లలో తక్కువగా ఉంది. యాంటీబయాటిక్‌కు ప్లాస్టిక్ రజనును తగ్గించే గుణం లేదు. ఆ నమోదుల్లో కొన్నిటి వెనక పట్టుబడని క్రిములున్నాయన్నదే సబబైన వివరణ.

అయితే తూకం రెండో వైపుకూ చూపాలి. 1990ల చివరి నుంచి రేడియేషన్‌తో గట్టిపరిచిన పాలిథిలీన్ వాడకంలోకి వచ్చింది. దానికి అరుగుదల చాలా తక్కువ. ఆ గిన్నెలు వేసిన రోగుల్లో ఎముక కరుగుదల గణనీయంగా తగ్గిపోయింది. క్రిములే మొత్తానికి కారణమైతే ప్లాస్టిక్ మార్చినంత మాత్రాన ఇంత తేడా వచ్చేది కాదు. రజనుకు సొంత పాత్ర ఉంది, బ్యాక్టీరియా అవశేషం దాన్ని ఎగదోస్తుంది. రెండూ చివరికి ఒకే టీఎన్ఎఫ్, ఒకే ర్యాంక్‌ఎల్, ఒకే ఆస్టియోక్లాస్ట్ దగ్గర కలుస్తాయి. చార్న్‌లీ టెఫ్లాన్ కీళ్లలో చూసిన క్రిమిరహితమైన చీమును ఈ వెలుగులో మళ్లీ చదువుకోవచ్చు.

ఎలా పట్టుకుంటారు

మొదటిసారి కీలు మార్చినవాళ్లలో ఒకటి రెండు శాతం మందికి ఇన్ఫెక్షన్ సోకుతుంది, రెండోసారి మార్చినచోట ఇంకా ఎక్కువ. మధుమేహం, ఊబకాయం, పొగతాగడం, కీళ్లవాతానికి వాడే రోగనిరోధక శక్తిని అణిచే మందులు ముప్పును పెంచుతాయి. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని ఆపరేషన్‌కు సిద్ధపడే మధుమేహ రోగులు మన రాష్ట్రాల్లో కోకొల్లలు. చక్కెర అదుపులోకి వచ్చేదాకా ఆపరేషన్ వాయిదా వేస్తామని వైద్యుడు అంటే అది కాలయాపన కాదు.

ఎక్స్-రేలో ఎముకకూ ఇంప్లాంట్‌కూ మధ్య నల్లని గీత వెడల్పవుతూ పోవడం, ఎముక లోపలి అంచు గుంటలు పడటం, పైపొర మీద కొత్త ఎముక మందంగా పేరుకోవడం అనుమానించాల్సిన గుర్తులు. ఆపరేషన్ అయిన మొదటి రెండు మూడేళ్లలోనే కీలు వదులైతే ముందు ఇన్ఫెక్షన్‌నే అనుమానించాలి. రజను అంత తొందరగా ఆ పని చేయదు. ఇబ్బంది ఏమిటంటే, ఎముకలో మూడో వంతు ఖనిజం పోతేగానీ మామూలు ఎక్స్-రేలో తేడా స్పష్టంగా తెలియదు. రక్తంలో వాపును సూచించే సీఆర్‌పీ అనే ప్రొటీన్ పెరిగితే అనుమానం బలపడుతుంది, కానీ నెమ్మది క్రిముల విషయంలో అది మామూలుగానే ఉండవచ్చు. అందుకే కీలులోంచి నీరు తీసి తెల్లకణాలు లెక్కపెడతారు, ఆపరేషన్‌లో వేర్వేరు చోట్ల నుంచి అయిదారు ముక్కలు తీసి సాగు చేస్తారు. ఒక్క ముక్కలో క్రిమి పెరిగితే అది చర్మం నుంచి వచ్చిన మలినం కావచ్చు. ఒకే క్రిమి రెండు మూడింటిలో పెరిగితే నమ్మాలి.

రోగుల వైపు నుంచి ఒక పెద్ద అడ్డంకి ఉంది. కీలు నొప్పి, కాస్త వాపు వస్తే మందుల షాపులో అడిగి నాలుగు రోజులు యాంటీబయాటిక్ వేసుకోవడం మనకు బాగా అలవాటు. మేయో క్లినిక్ అధ్యయనంలో, శస్త్రచికిత్సకు ముందు పద్నాలుగు రోజుల్లో యాంటీబయాటిక్ వాడినవాళ్లలో కణజాల సాగు 45 శాతం కేసుల్లోనే క్రిమిని పట్టుకోగలిగింది. ఆ నాలుగు మాత్రలు పొరలోని క్రిమిని చంపవు, పరీక్షకు అందకుండా మాత్రం చేస్తాయి. క్రిమి పేరు తెలియకపోతే సరైన మందు ఎంచుకోవడం కుదరదు, ఈలోపు ఎముక పోతూనే ఉంటుంది.

క్రిమిని తీయడం, ఎముకను తిరిగి కట్టడం

లక్షణాలు మొదలై కొద్ది వారాలే అయి, ఇంప్లాంట్ గట్టిగా ఉంటే, చుట్టూ ఉన్న చెడు కణజాలం తీసేసి, కడిగి, ప్లాస్టిక్ భాగాలు మాత్రం మార్చి కీలును కాపాడవచ్చు. పొర ముదిరిపోయి, ఎముక కరిగి, కీలు వదులైతే మొత్తం తీయక తప్పదు. జర్మనీలోని హాంబుర్గ్‌లో హాన్స్-విల్‌హెల్మ్ బుఖ్‌హోల్జ్ 1970 ప్రాంతంలో ఎముక సిమెంట్‌లో జెంటమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపాడు. సిమెంట్ గట్టిపడేటప్పుడు పుట్టే వేడికి తట్టుకుని, నెమ్మదిగా బయటికి వచ్చే మందు అది. పాత కీలు తీసిన పూటే కొత్తది వేయడం ఆయన పద్ధతి. అమెరికాలో జాన్ ఇన్సాల్ బృందం 1983లో ప్రచురించిన రెండు దశల పద్ధతిలో కీలు తీసి, ఆరు వారాలు యాంటీబయాటిక్ ఇచ్చి, ఆ తర్వాత కొత్తది వేస్తారు. మధ్యకాలంలో మందు కలిపిన సిమెంట్ దిమ్మెను ఖాళీలో ఉంచడం తర్వాత మామూలైంది. 2022లో వెలువడిన బ్రిటిష్ తుంటి పరీక్షలో ఏడాదిన్నర తర్వాత రెండు పద్ధతుల్లోనూ రోగుల పరిస్థితి దాదాపు ఒకేలా ఉంది. ఒకే ఆపరేషన్ చాలితే రోగి ఎముకకూ జేబుకూ మేలు.

బయోఫిల్మ్‌లోకి చొచ్చుకుపోయే మందుల్లో ముఖ్యమైనది మనకు టీబీ మందుగా తెలిసిన రిఫాంపిసిన్. 1998లో స్విట్జర్లాండ్‌లో జిమ్మర్లీ బృందం 33 మంది స్టెఫిలోకాకస్ రోగులపై చేసిన పరీక్షలో, చికిత్స పూర్తిచేసినవాళ్లలో సిప్రోఫ్లాక్ససిన్‌తో పాటు రిఫాంపిసిన్ ఇచ్చిన 12 మందికీ నయమైంది. సిప్రోఫ్లాక్ససిన్ ఒక్కటే ఇచ్చిన 12 మందిలో ఏడుగురికే నయమైంది. రిఫాంపిసిన్‌ను ఒంటరిగా వాడితే క్రిమి కొద్ది రోజుల్లోనే దానికి లొంగకుండా పోతుంది. టీబీ ఇంత ఎక్కువగా ఉన్న దేశంలో దాన్ని ఆచితూచి వాడటం మరీ అవసరం.

క్రిమి పోయినా పోయిన ఎముక దానంతటది తిరిగి రాదు. గిన్నె కూర్చునే కటి ఎముకలో రంధ్రం పడితే, రంధ్రాలున్న టాంటలం, టైటానియం దిమ్మెలతో పూడుస్తారు. దాత ఎముకను పొడి చేసి దట్టించడం మరో పద్ధతి. ద్విచక్ర వాహన ప్రమాదాల్లో ముంగాలి ఎముక చర్మం చీల్చుకుని బయటపడి, రాడ్ వేశాక చీము పట్టి, సెంటీమీటర్ల కొద్దీ ఎముక తీసేయాల్సి వచ్చిన యువకులు తెలుగు రాష్ట్రాల పెద్దాసుపత్రుల వార్డుల్లో కనిపిస్తారు. వాళ్లకు సోవియట్ సర్జన్ గవ్రీల్ ఇలిజరోవ్ కుర్గాన్ పట్టణంలో 1950ల్లో రూపొందించిన రింగుల చట్రం ఆసరా. ఆరోగ్యంగా ఉన్నచోట ఎముకను కోసి, రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున, నాలుగు విడతల్లో జరుపుతూ పోతే వెనక కొత్త ఎముక పుడుతుంది. అయిదు సెంటీమీటర్ల ఖాళీకి జరపడమే యాభై రోజులు, అది గట్టిపడటానికి నెలలు. ఆ చట్రం తీగలు చర్మంలో దిగినచోట కూడా ఇన్ఫెక్షన్ సోకి, తీగ చుట్టూ ఎముక కరిగి వదులవుతుంది. కాబట్టి ఆ చోట్లను రోజూ శుభ్రం చేయడం చికిత్సలో భాగమే.

ఆస్టియోక్లాస్టునే ఆపేస్తే సరిపోదా అన్న ఆలోచన కూడా పరీక్షకు వచ్చింది. ర్యాంక్‌ఎల్‌ను అడ్డుకునే డెనోసుమాబ్ అనే ఇంజెక్షన్‌ను ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో, రజను వల్ల ఎముక కరిగిన తుంటి రోగులకు మార్పిడికి ఎనిమిది వారాల ముందు ఇచ్చి చూశారు. తీసిన ఎముకలో ఆస్టియోక్లాస్టుల సంఖ్య బాగా తగ్గిందని 2021లో ప్రకటించారు. బతికున్న క్రిములున్న రోగికి ఇదే మందు ఇవ్వడం వేరే సంగతి. ఎముక కరగడం ఆగినా కారణం లోపలే ఉంటుంది, చచ్చిన ఎముకను విడగొట్టే పనీ ఆగుతుంది.

వయసు మీరి, గుండె బలహీనమై, మరో ఆపరేషన్‌కు తట్టుకోలేని రోగులకు క్రిమిని నిర్మూలించకుండా అణిచి ఉంచడమే మిగిలిన దారి. దీనికి తరచుగా వాడే మందుల్లో డాక్సీసైక్లిన్, మినోసైక్లిన్ ఉన్నాయి. ఇవి టెట్రాసైక్లిన్ కుటుంబానివి. ఆ కుటుంబంలో మొదటిది లెడర్లీ ప్రయోగశాలల్లో బెంజమిన్ డగ్గర్ కనుగొని 1948లో ప్రకటించిన ఆరియోమైసిన్, అప్పుడు అక్కడ పరిశోధన విభాగానికి నాయకత్వం వహించినవాడు భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఈ మందులు ఎముకలోకి బాగా చేరతాయి, కొత్తగా ఏర్పడే ఎముకలో కాల్షియానికి అతుక్కుంటాయి. రోజూ మాత్ర వేసుకుంటూ కొందరు ఏళ్ల తరబడి తమ కాళ్ల మీద నడుస్తారు. అయినా ఆరునెలలకో ఏడాదికో ఎక్స్-రే తీయించి, ఇంప్లాంట్ చుట్టూ ఉన్న గీత వెడల్పును పాత ఫిల్ముతో పోల్చి చూడాలి, ఎందుకంటే నొప్పి తగ్గినంత మాత్రాన ఎముక కరగడం ఆగినట్టు కాదు.